నాన్న బైపాస్, సంతృప్తి పత్రం మీద సంతకం: విశాఖలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మా అనుభవం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ చేయించుకున్న పేషెంటు చేత ఇంటికి పంపేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. దాన్ని సంతృప్తి పత్రం అంటారు. వైద్యం ఉచితంగా అందింది, భోజనం పెట్టారు, మందులిచ్చారు, దారి ఖర్చులిచ్చారు, ఎవరూ డబ్బు అడగలేదు, సంతృప్తిగా ఉన్నాను. క్లుప్తంగా అందులో ఉండేది ఇదే. ఆసుపత్రివాళ్లు క్లెయిముతో పాటు దీన్ని కూడా పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపాలి. కాబట్టి పేషెంటు చేతిలో ఏదైనా పట్టు ఉందంటే అది ఆ సంతకమే. వార్డులో ఈ సంగతి ఎవరూ చెప్పరు. మా నాన్నకు బైపాస్ అయిన క్రమంలో ఎక్కడ ఆగామో, ఎక్కడ డబ్బు ఖర్చయిందో, ఏది వెనక్కి వచ్చిందో రాస్తున్నాను. ఈ పథకాన్ని అందరం ఇప్పటికీ పాత పేరుతో ఆరోగ్యశ్రీ అనే అంటాం కాబట్టి నేనూ అక్కడక్కడా ఆ మాటే వాడతాను.

నాన్నకు 64 ఏళ్లు. గోపాలపట్నంలో టైలరింగ్ చేస్తారు. షుగరు పాతదే. 2025 వినాయక చవితి వెళ్లాక మెట్లెక్కితే ఛాతీ బిగపట్టడం, ఆగితే తగ్గడం మొదలైంది. ఈసీజీలో పెద్దగా ఏమీ కనబడలేదు. ట్రెడ్‌మిల్ మీద మాత్రం కొద్ది నిమిషాలకే ఆపేశారు. యాంజియోగ్రామ్ చేయించమన్నారు. సరిగ్గా అప్పుడే, అక్టోబరులో, బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరినవి) ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. నొప్పి విశ్రాంతిలో కూడా వచ్చే రకం కాదు కాబట్టి డాక్టరు మందులిచ్చి ఆగమన్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్, నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఈ క్లోపిడోగ్రెల్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది. ఇలాంటి సమయంలో నేరుగా ఆసుపత్రికి బయల్దేరకుండా ముందు పథకం హెల్ప్‌లైన్ 104కి గానీ, ఆసుపత్రిలో ట్రస్టు తరఫున పనిచేసే ఉద్యోగి ఉండే మిత్ర డెస్క్‌కి గానీ ఫోన్ చేసి "ఆరోగ్యశ్రీ కేసులు ఇప్పుడు తీసుకుంటున్నారా?" అని అడగాలి. నెట్‌వర్క్ జాబితాలో పేరు ఉండటం వేరు, ఆ రోజు ఆ విభాగంలో చేర్చుకోవడం వేరు.

ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో కూడా గుండె ఆపరేషన్లు ఇదే పథకం కింద చేస్తారు. మేం మొదటి నుంచీ చూపిస్తున్న కార్డియాలజిస్టు నగరంలోని ఒక ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉన్నారు, అందుకని అక్కడికే వెళ్లాం. నవంబరు మొదటి వారం. ఆగిన కేసులన్నీ ఒక్కసారిగా వచ్చి పడినట్టున్నాయి, శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి రాత్రి బస్సుకి వచ్చినవాళ్లతో డెస్క్ ముందు ఎనిమిదింటికే వరస కట్టింది.

ఇక్కడ ఒక క్రమం ఉంది, అది తిరగబడితే డబ్బు పోతుంది. ముందు మిత్ర దగ్గర నమోదు, ఆ తర్వాతే ఓపీ. ప్రవేశంలో ఉండే మామూలు రిసెప్షన్‌లో చీటీ రాయించుకుని, డాక్టరు రాసిన పరీక్షలకు డబ్బు కట్టేసి, ఆపరేషన్ అన్నాక మిత్ర దగ్గరికి వస్తే అప్పటిదాకా కట్టింది మీ సొంత ఖర్చు కింద పోతుంది. పథకం ప్యాకేజీ ఆ ఆసుపత్రిలో పేషెంటు నమోదైనప్పటి నుంచి లెక్క. పరీక్షలు, ఆపరేషన్, రక్తం, మందులు, పేషెంటు భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, ఇంటికి ఒకసారి దారి ఖర్చు, అన్నీ దాంట్లోవే. డెస్క్‌లో ఉన్న అమ్మాయి మా ముందున్న ఆయనకు ఇదే చెబుతోంది: "మావయ్యగారూ, ఆ చీటీ అక్కడ రాయించేసుకున్నారు కదా, దానికి నేనేం చెయ్యలేను." బయట ల్యాబులో చేయించుకున్న ట్రెడ్‌మిల్ డబ్బు మాకూ రాలేదు, రాదు కూడా.

నమోదుకు రైస్ కార్డు, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోను కావాలి. ఆరోగ్యశ్రీ కార్డు దొరక్కపోయినా ఆధార్ నంబరుతో వివరాలు తెరుచుకున్నాయి. ఇబ్బంది వచ్చింది వేలిముద్ర దగ్గర. నలభై ఏళ్లు సూదీ కత్తెరా పట్టిన వేళ్లు కదా, బొటనవేలి రేఖలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోలేదు. చెయ్యి కడిగి, తుడిచి, తలకు రాసుకుని, వేలు మార్చి చూశారు. చివరికి ఓటీపీతో అయింది. ఆ ఓటీపీ వెళ్లేది ఆధార్‌కు లింకైన నంబరుకే. ఆ సిమ్ము ఇంట్లో ఎవరి దగ్గరో ఉండి, వాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఆ పూట గడిచిపోయినట్టే. పెద్దవాళ్లని తీసుకెళ్లే ముందు రోజు ఆ సిమ్ము ఏ ఫోన్‌లో ఉందో చూసుకోండి. రైస్ కార్డులో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడండి. తేడా ఉంటే సరిచేయించుకోవడానికి వార్డు సచివాలయానికి తిరగాల్సి వస్తుంది, అది ఆసుపత్రిలో తేలే పని కాదు.

యాంజియోగ్రామ్ కుడి మణికట్టు నుంచి చేశారు. ముందు క్రియాటినిన్ చూశారు, ఎందుకంటే రంగుమందు కిడ్నీల మీద పడుతుంది. షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఆపమన్నారు. అసలు పని అరగంటలోపే అయిపోయింది. ఆ తర్వాత మణికట్టుకు గాలి పట్టీ బిగించి, దశలవారీగా వదులు చేస్తూ కొన్ని గంటలు కూచోబెట్టారు. మూడు నాళాల్లోనూ అడ్డంకులున్నాయి. స్టెంట్లు వెయ్యకూడదా అని అడిగాం. షుగరు ఉండి, మూడు నాళాలూ పూడిన వాళ్లకు బైపాసే ఎక్కువ కాలం మేలు చేస్తుందని కార్డియాలజిస్టు చెప్పారు. ఆ మాట ఆయన బొమ్మ గీసి చెప్పిన తీరు నాన్నకు ధైర్యమిచ్చింది. మొత్తం ప్రయాణంలో ఎవరైనా కూచుని వివరించింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

మర్నాడే ఆపరేషన్ అనుకున్నాం. కానే కాదు. క్లోపిడోగ్రెల్ మింగుతున్న మనిషికి ఛాతీ తెరిస్తే రక్తం త్వరగా గడ్డకట్టదు, కనీసం అయిదు రోజులు ఆపాలి. ఆస్పిరిన్ మాత్రం నడుస్తుంది. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లకు దాన్నీ మూడు రోజుల ముందే ఆపిస్తారు. ఈ ఎదురుచూపు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా అనేది అడిగి తేల్చుకోవాలి. మమ్మల్ని ఇంటికి పంపారు. ఆ వ్యవధిలో మెడ నాళాల డాప్లర్, ఊపిరి పరీక్ష, ఎకో, హెచ్‌బీఏ1సీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు, పళ్ల డాక్టరు చూపు అన్నీ ఓపీలోనే, డబ్బు కట్టకుండా అయ్యాయి. పుచ్చిన పన్ను ఒకటి తీయించాలన్నారు, అది ప్యాకేజీలోది కాదు.

మళ్లీ చేరాక ప్రీ ఆథరైజేషన్ పంపారు. ట్రస్టులో డాక్టర్లు కాగితాలు చూసి ఒప్పుకుంటేనే ఆపరేషన్. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద అనుమతి తీసుకుని మొదలుపెడతారు, మాది ఆ కోవలోకి రాదు. బెడ్ మీద పేషెంటు ఫోటో తీస్తారు, యాంజియో క్లిప్పులు, రిపోర్టులు ఎక్కిస్తారు. ఒక రోజు పైన గడిచాక "పెండింగ్" అన్నారు. ఆ మాట వింటే గుండె జారిపోతుంది, తిరస్కరించారేమో అని. అది తిరస్కారం కాదు, ప్రశ్న. మా దాంట్లో యాంజియో క్లిప్పు అక్కడ తెరుచుకోలేదట, దాంతో పాటు సర్జన్ అభిప్రాయం సంతకంతో అడిగారు. ఏం అడిగారో మిత్ర స్క్రీన్ మీద కనబడుతుంది, చదివి చెప్పమని అడగొచ్చు. ఆసుపత్రివాళ్లు "గవర్నమెంటు నుంచి రాలేదమ్మా" అంటుంటే, నిజానికి బంతి వాళ్ల గదిలోనే ఉండొచ్చు. మా క్లిప్పు మళ్లీ ఎక్కించాల్సిన ఉద్యోగి ఆ పూట సెలవు. అది తెలిశాక యాంజియోగ్రామ్ చేసే క్యాత్‌ల్యాబ్‌కు నేనే వెళ్లి అడిగితే సాయంత్రానికి ఎక్కించారు. మర్నాడు అనుమతి వచ్చింది.

రక్తం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నాలుగు యూనిట్లు సిద్ధంగా ఉండాలి, దాతల్ని తెచ్చుకోండి అన్నారు. బంధువులకు ఫోన్లు చేస్తే ఎనిమిదిమంది వచ్చారు, పనికొచ్చినవాళ్లు సగమే. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు, వయసు 18 నుంచి 65, మగవాళ్లు ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు దాటాలి. మా చిన్నాన్న కొడుకు ముందురోజు రాత్రి పెళ్లిలో మందు పుచ్చుకుని వచ్చాడు, వెనక్కి పంపారు. ఇంకొకతను నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, నిద్ర లేనందుకు వద్దన్నారు. ఒకామెకు హిమోగ్లోబిన్ 12.1. ఖాళీ కడుపుతో వచ్చినవాడికి ముందు ఇడ్లీ తినిపించి తీసుకురమ్మన్నారు. పేషెంటు గ్రూపే అక్కర్లేదు, ఏ గ్రూపు ఇచ్చినా బదులు ఇస్తారు. ఇక్కడే బ్లడ్ బ్యాంకు కౌంటర్‌లో పరీక్షల ఖర్చని యూనిట్‌కు ఇంతని కట్టించుకున్నారు. ఆరు వేల పైన అయింది. ఆపరేషన్ ముందు రోజు ఎవరూ బేరమాడరు, కట్టేశాం. రసీదు మాత్రం అడిగి తీసుకున్నాం. పేషెంటు పేరు, ఆసుపత్రిలో చేరినప్పటి ఐపీ నంబరుతో ఉన్న రసీదు.

ఆపరేషన్ రోజు ఉదయం ఏడింటికి తీసుకెళ్లారు, మధ్యాహ్నం రెండు దాటాక సర్జన్ వచ్చి అయిందన్నారు. ఐసీయూలో మొదటి రాత్రి వెంటిలేటర్, ఛాతీలో గొట్టాలు. మర్నాడు గొంతులో గొట్టం తీశాక మాట వచ్చింది. రోజుకు రెండుసార్లు, చెప్పుల కవర్లు తొడుక్కుని అయిదు నిమిషాలు చూడనిస్తారు. రాత్రి అటెండర్లకు పడుకోవడానికి ఏమీ లేదు, ఐసీయూ బయట ఇనుప కుర్చీలు, వాటి చేతులు తీసేవి కావు కాబట్టి నడుం వాల్చలేం. దుప్పటి తెచ్చుకున్నవాళ్లు లిఫ్టు పక్కన నేల మీద పడుకున్నారు. పేషెంటుకు భోజనం వస్తుంది, షుగరు వాళ్లదని చెబితే విడిగా తెస్తారు. మనకి క్యాంటీనే గతి. ముగ్గురం వంతులు వేసుకుని ఉన్నాం, అటెండర్ల తిండి, ఆటోలు కలిపి చూసుకుంటే ఇల్లు కదిలాక పెట్టిన ఖర్చులో అదే పెద్ద ముక్క.

వార్డుకు మార్చిన రోజు నర్సు చిన్న చీటీ ఇచ్చింది: ఛాతీ బెల్టు, ఊది బంతులు లేపే పరికరం, కాలికి బిగుతు సాక్సు, కింద మందుల షాపులో తెమ్మని. బెల్టు 900, ఊదేది 350, సాక్సులు 600. ఇవి ప్యాకేజీలోకి వస్తాయా అంటే ఆమెకు తెలియదు, మిత్రని అడగమంది. మిత్ర అమ్మాయి రెండో షిఫ్టులో వచ్చాక బిల్లులు చూసి, "అక్కా, ఈ బిల్లులు పారెయ్యకండి" అని మాత్రం అంది. ఆ మాట గట్టిగా అనలేదు, పక్కన ఆసుపత్రి ఉద్యోగి ఉన్నాడు మరి. మిత్ర జీతం ట్రస్టు నుంచి, కుర్చీ మాత్రం ఆసుపత్రిలో. ఆ ఇబ్బంది అర్థం చేసుకుని, అందరి ముందూ నిలదీయకుండా విడిగా అడిగితే వాళ్లు చెప్పేది ఎక్కువ.

వారం దాటాక డిశ్చార్జి అన్నారు. ఉదయం పదింటికి అన్నది చేతికి కాగితాలు వచ్చేసరికి సాయంత్రం నాలుగు. అప్పుడొచ్చింది ఫైలు, సంతకాల చోట పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టి ఉన్నాయి. మధ్యలో సంతృప్తి పత్రం. నాన్న కళ్లద్దాలు సంచిలో ఉన్నాయి, తీసి ఇచ్చాం. ఆయన టైలరు, కొలతల పుస్తకం చదివినట్టే ఏ లైనూ వదలకుండా చదివారు. "నా వద్ద ఎవరూ ఎటువంటి రుసుము వసూలు చేయలేదు" దగ్గర వేలు ఆగింది. "మరి రక్తానికి కట్టాం కదమ్మా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో ఫైలు తెచ్చిన కుర్రాడు లోపలికి వెళ్లి బిల్లింగ్ ఆయన్ని తెచ్చాడు. మేం గొడవ పడలేదు. రసీదులు చూపించి, "ఇవి తిరిగిచ్చాక సంతకం పెడతాం, లేదా ఈ లైను కొట్టేసి పెడతాం" అన్నాం. ముందు అది బ్లడ్ బ్యాంకు, మాకు సంబంధం లేదన్నారు. రక్తం ప్యాకేజీలో ఉందని మిత్ర చెప్పింది. మేం 104కి ఫోన్ కలపబోతుంటే ఆగమన్నారు. గంటలోపు రక్తం డబ్బు, బెల్టు డబ్బు నగదుగా ఇచ్చారు. సాక్సులూ ఊదేదీ ఇవ్వలేదు, బయట కొన్నవి అన్నారు. ఆ మాటకొస్తే బెల్టు కూడా అదే షాపులో కొన్నదే, ఎందుకిచ్చారో వాళ్లకే తెలియాలి. దాంతో సరిపెట్టుకున్నాం. అప్పటికి నాన్నకు వీపు నొప్పి, కూచోలేకపోతున్నారు.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పది రోజుల మందులు నిజంగా సంచిలో ఉన్నాయా, లేక చీటీ మాత్రమే ఉందా? దారి ఖర్చు చేతికి వచ్చాకే దాని రసీదు మీద సంతకం. అది బస్సు చార్జీ లెక్కన ఇస్తారు, గోపాలపట్నం దాకా ఆటో ఖర్చులో అది సగం కూడా రాదు, అయినా ఇచ్చారు. డిశ్చార్జి సమ్మరీలో ఎన్ని గ్రాఫ్టులు (అడ్డంకిని దాటించి కుట్టే నాళాలు) వేశారు, వాటికి ఏ కాలి నరం తీశారు, ఎకోలో గుండె బలం ఎంత, కుట్లు ఎప్పుడు తీయాలి అనేవి ఉండాలి. యాంజియో సీడీ అడిగి తీసుకోవాలి, అడగకపోతే ఇవ్వరు.

ఇంటికొచ్చాక ఏం చెయ్యకూడదో చెప్పడానికి ఆసుపత్రిలో ఇచ్చింది ఇంగ్లీషులో ఉన్న ఒక జిరాక్సు కాగితం. ఫిజియోథెరపిస్టు నోటితో చెప్పింది ఇదీ: ఛాతీ ఎముకను తీగలతో కట్టారు, అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు, పక్కకు తిరిగి పడుకోకూడదు, చేతులు ఊని లేవకూడదు, దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకోవాలి, బండి నడపడం కాదు కదా, వెనక కూచోవడం కూడా వద్దు. కుట్టు మిషను గురించి ఆ కాగితంలో ఏముంటుంది? అడిగితే మూడో నెల వరకూ వద్దన్నారు, తొక్కడం వల్ల కాదు, గుడ్డ లాగడానికి రెండు చేతులూ చాపాలి కాబట్టి.

ఇంటికొచ్చిన వారంలోపే కాలి కోత కింది చివర తడిగా అయింది. షుగరు 260 ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్తే రిసెప్షన్‌లో ఓపీ ఫీజు అడిగారు. పది రోజుల లోపలే కదా అని మిత్ర దగ్గరికి వెళ్తే ఫీజు లేకుండా డ్రెస్సింగ్ చేశారు, ఇన్సులిన్ మోతాదు మార్చారు. సరిగ్గా ఆ వారంలోనే రికార్డు చేసిన గొంతుతో ఫోన్ వచ్చింది. వైద్యం బాగా అందిందా, సిబ్బంది మర్యాదగా చూశారా, ఎవరైనా డబ్బు అడిగారా అని ప్రశ్నలు, అవునంటే ఒకటి, కాదంటే రెండు. నాన్న కాలికి కట్టుతో మంచం మీద కూచుని అన్నిటికీ మంచి మార్కులే ఇచ్చారు. డబ్బు అడిగారా అంటే, "ఇచ్చేశారుగా మళ్లీ" అని అక్కడా కాదనే నొక్కారు. బయట రెండున్నర, మూడు లక్షలు అయ్యే ఆపరేషన్ పైసా అప్పు లేకుండా అయిన మనిషి ఇంకేం నొక్కుతాడు! ఆ కృతజ్ఞత నిజమే. కానీ పెండింగ్ ఎందుకు పడిందో ఎవరైనా చెప్పారా, పుండు ఎలా చూసుకోవాలో తెలుగులో రాసిచ్చారా, రాత్రి ఇబ్బందొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసా అని ఆ గొంతు అడగలేదు. అడిగితే మూడింటికీ రెండే నొక్కేవారు. ఫిర్యాదు నిజంగా ఉన్నవాళ్లు ఈ కాల్ మీద ఆధారపడొద్దు. 104కి చెప్పి నంబరు రాసుకోవాలి, లేదంటే జిల్లా కోఆర్డినేటర్‌కు రసీదుల జిరాక్సులతో కాగితం ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట కూడా ఇవ్వొచ్చు.

బైపాస్ అయినవాళ్లకు ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ విడిగా ఉంటుంది. డాక్టరు చూపు, పరీక్షలు, మందులు అందులోనే. డిశ్చార్జి రోజు దీని గురించి ఎవరూ నోరెత్తలేదు, పక్క బెడ్ బొబ్బిలి ఆయన చెబితే తెలిసింది. దీనికి కూడా మిత్ర దగ్గరే మళ్లీ నమోదు, మళ్లీ ఆ వేలిముద్ర, అదే ఓటీపీ. పేషెంటు స్వయంగా రావాలి, మందులు మాత్రమే తీసుకెళ్తామంటే కుదరదు. మాకు మందుల కౌంటర్ దగ్గర గంటన్నర పట్టింది.

ఇచ్చిన మందుల్లో ఒక చిక్కుంది. మందు అదే, కంపెనీ వేరు. ఇంట్లో ఉన్న అటోర్వాస్టాటిన్ తెల్లగా పొడుగ్గా ఉంటే ఇక్కడిచ్చింది గుండ్రంగా లేత గులాబీ రంగులో ఉంది. నాన్న అవి రెండూ వేరు వేరు మందులనుకుని రెండూ వేసుకోబోయారు. ఇప్పుడు కొత్త మందులు రాగానే పాత అట్టలన్నీ పక్కన పెట్టి, అట్ట వెనక ఉన్న మందు పేరు డిశ్చార్జి సమ్మరీతో సరిచూసి, మార్కర్‌తో తెలుగులో ఉదయం, రాత్రి అని రాస్తున్నాం. మెటోప్రొలాల్ 25కి బదులు 50 ఇచ్చినప్పుడు కూడా అలా చూడబట్టే దొరికింది. సగానికి విరవమని రాయకుండానే ఇచ్చేశారు.

ఫాలోఅప్‌లో ఎకో చేశారు, గుండె బలం బాగుందన్నారు. కాలి పుండు మానింది, సాయంత్రానికి పాదం వాపు మాత్రం వస్తోంది. నరం తీసిన కాలికి కొన్ని నెలలు అలాగే ఉంటుందట, కూచున్నప్పుడు ఎత్తు మీద పెట్టమన్నారు. షాపు తెరిచారు, కత్తిరింపు వరకే ఆయన పని, కుట్టుకి కుర్రాణ్ణి పెట్టుకున్నారు.